చిమిండైంగ్‌లో విగ్గులు, తన్లిన్‌లో టోరీలు

శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. ఆ రోజుల్లో బ్రిటిష్ రాజకీయ పక్షాల గురించీ వాటి చీలికల గురించీ ఒక గైడు రాశాను. పరీక్షకు ముందురోజు కొని, పరీక్ష అయిన మర్నాడు పాత పేపర్ల వాడికి వేసే రకం పుస్తకం. దాన్ని ఎవరైనా మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివి ఉంటారని నేనెప్పుడూ అనుకోలేదు. నిజం చెప్పాలంటే నేనే చదవలేదు.

అలాంటిది రిటైరైన ఇన్నాళ్లకు రంగూన్ నుంచి ఫోన్లో ఒక సందేశం వచ్చింది.

"గౌరవనీయులైన గ్రంథకర్త్రి గారికి. ధాన్యం మీద సుంకం తీసేసిన ప్రధానమంత్రి అనుచరులు టోరీ పక్షం నుంచి చీలి విగ్గులతో కలిశారని మీ గ్రంథం నలభై ఒకటో పుటలో ఉన్నది. వారే పశ్చాత్తాపపడి టోరీల ఇంటికి తిరిగి వచ్చారని అరవై ఏడో పుటలో ఉన్నది. ఈ వైరుధ్యం కారణంగా మా తెలుగు తరగతి రెండు పక్షాలుగా చీలి నాలుగు నెలలుగా మూతపడి ఉన్నది. తాము స్వయంగా విచ్చేసి తీర్పు చెప్పవలెనని ప్రార్థన. ఇట్లు, సత్యవతి, ఉభయ పక్షాల కార్యదర్శి."

ఇంట్లో అందరూ వద్దన్నారు. అక్కడి సైనిక పాలన టీవీలో చూస్తున్నావు కదా, ఈ వయసులో నీకెందుకన్నారు. కానీ నా పుస్తకంలో నలభై ఒకటో పేజీతో పాటు అరవై ఏడో పేజీ కూడా చదివిన మనిషి భూమ్మీద ఒకరున్నారని తెలిశాక ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. రాసేవాళ్ల అహంకారం ముందు విమానం టిక్కెట్టు ఏ మూలకి.

మొదటి రోజు: లత

విదేశీయులు ఇళ్లలో బస చెయ్యకూడదట. అందుకని లత అనే పేటలో హోటల్లో దిగాను. కిటికీ తీస్తే ఎదురుగా బంగారం కొట్లు, వాటి ముందు పేవ్‌మెంటు మీద ఎండుచేపలు, వాటి పక్కన జనరేటర్లు. కరెంటు ఇంతసేపు ఉంటుంది, ఇంతసేపు ఉండదు అని ఒక పట్టిక ఉంది. ఆ పట్టికను జనం గౌరవిస్తారు. కరెంటు మాత్రం గౌరవించదు.

సాయంత్రం సత్యవతి వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. బుగ్గలకు చందనం లాంటి, తనకా అనే చెట్టు బెరడు పూత, నడుముకు పువ్వుల లుంగీ. తన్లిన్‌లో బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఊళ్లో అందరికీ ఆమె బర్మా పేరుతో మ తిరి. ఇంట్లో మాత్రం సత్తెవతి.

"సయామ, బాగొచ్చినారేటి?" అంది. సయామ అంటే టీచరమ్మ. ఆ వెంటనే, "మీ రాక మాకు రాజ్యాంగబద్ధమైన ఆనందం" అంది.

నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల నవ్వలేదు. ఆమెకు ఇంట్లో మాట్లాడే తెలుగు ఒకటి, నా గైడు నేర్పిన తెలుగు ఒకటి. రెండింటికీ మధ్య ఇంకేమీ లేదు.

టీ కొట్లో పొట్టి బల్లల దగ్గర కూర్చున్నాం. మనం టీ ఆకును మరిగించి పారేస్తాం. వాళ్లు ఊరబెట్టి, వేయించిన పప్పులూ వెల్లుల్లీ నువ్వులూ కలిపి తింటారు. నేను పచ్చడనుకుని ఒక పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దాని గుణం టీదేనట. ఆ రోజు నాకు పొద్దుపోయేదాకా నిద్ర పట్టలేదు.

నా గైడు రంగూన్ ఎలా చేరిందో కూడా అక్కడే తెలిసింది. సత్యవతి అమ్మమ్మ నరసమ్మగారు కొన్నేళ్ల కిందట శ్రీకాకుళం నుంచి అమ్మవారి ఇత్తడి విగ్రహం తెప్పించుకున్నారట. విగ్రహం కదలకుండా పెట్టెలో నాలుగు వైపులా పుస్తకాలు కుక్కారట. పద్నాలుగు గైడ్లు. అమ్మవారి చెయ్యి ఒకటి విరిగింది కానీ నా పుస్తకాలకు ఏమీ కాలేదు.

"తెలుగు సదువుకోడానికి మాకు వాచకాలు లేవు సయామ. అవే ఉన్నాయి. అమ్మమ్మ అవే పంచిపెట్టింది" అంది సత్యవతి. "నాను మొట్టమొదట కూడబలుక్కుని సదివిన మాట ఏటో తెలుసా? ద్విసభా విధానం."

ఆ మాట చెప్పేటప్పుడు కూడా కాస్త ఊపిరి తీసుకుంది.

రెండో రోజు: చిమిండైంగ్

పొద్దున్నే మొహింగా తిన్నాను. చేపల పులుసులో సేమ్యా లాంటిది వేసి, పైన పప్పు వడ చిదిపి ఇస్తారు. గిన్నె ధర వేలల్లో చెప్పేసరికి గుండె ఆగినంత పనైంది. ఇక్కడి నోటు విలువ అంతేనని తెలిశాక ఇంకో గిన్నె పెట్టించుకున్నాను. శ్రీకాకుళంలో పొద్దున్నే చేపల పులుసు తింటే పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని ఆలోచిస్తాం. ఇక్కడ పక్కింటివాళ్లు మన పక్కనే కూర్చుని తింటున్నారు.

నరసమ్మగారి ఇల్లు చిమిండైంగ్‌లో, నది ఒడ్డు బజారుకు దగ్గర, ఐదో అంతస్తులో. లిఫ్టు లేదు. మేడ ముందు ఒక్కో అంతస్తు నుంచీ ఒక్కో తాడు కిందికి వేలాడుతూ ఉంటుంది. తాడు లాగితే పైన గంట మోగుతుంది, వాళ్లు వీధి తలుపు తాళంచెవిని తాడుకు కట్టి దింపుతారు. నేను ఎర్ర తాడు లాగాను. పైనుంచి ప్లాస్టిక్ సంచిలో తాళంచెవి దిగింది. ఎక్కి వెళ్తే నాలుగో అంతస్తులో ఒక చీనా ముసలావిడ తలుపు తీసి, నన్ను కూర్చోబెట్టి, కమలాపండు వలిచి పెట్టింది. నేనెవరో ఆవిడకు తెలియదు, ఆవిడెవరో నాకు తెలియదు. సగం పండు తిన్నాక సత్యవతి వచ్చి నన్ను పై అంతస్తుకు తీసుకుపోయింది. మా కాలనీలో నేను పదేళ్లుగా ఉంటున్నాను. పై వాటాలో ఎవరున్నారో ఇంకా సరిగ్గా తెలియదు.

నరసమ్మగారికి డెబ్బై దాటాయి. మునిసిపల్ స్కూల్లో ఆయాగా చేసి మానేశారు. మనిషి సన్నం, గొంతు మాత్రం వార్డంతా వినిపిస్తుంది. ఆవిడ విగ్గుల నాయకురాలు.

"మొదట్లో విగ్గులంటే నెత్తిమీద పెట్టుకునే బొచ్చనుకున్నాం సయామ" అన్నారు గోంగూర వడ్డిస్తూ. గోంగూరను ఇక్కడ చిన్‌బౌంగ్ అంటారు, రొయ్యలూ వెదురు కొమ్ములూ వేసి వేపుతారు. "తరవాత మీరే రాసినారు గదా, స్కాట్లండులో పశువులు తోలుకునేవోళ్ళని ఎవుడో ఆ మాటతో తిట్టినాడని. టోరీ అంటే ఐర్లండులో దొంగలని. తిట్టిన పేరే ఎట్టుకుని రాజ్యం ఏలినారంటే ఆళ్లకి సిగ్గు లేదు గానీ తెలివుంది."

"మీరు విగ్గుల వైపు ఎందుకు వెళ్లారు?"

"మరి మమ్మల్నీ తిట్టినారు కాదేటి! కోరంగి రేవులో ఓడెక్కి ఒచ్చినామని కోరంగోళ్లు, కోరంగోళ్లని. మా తాత ఓడెక్కినప్పుడు లండన్లో ఎవుళ్లున్నారు సయామ? విగ్గులా, టోరీలా?"

అప్పటికి విగ్గులు లిబరళ్లయిపోయారని, అధికారం వీళ్లకూ వాళ్లకూ చేతులు మారుతూ ఉండేదని చెప్పాను.

"ఓడ మట్టుకు మారలేదు" అన్నారావిడ, ఇంకో గరిటె గోంగూర వేస్తూ.

ఆవిడ వాదన సూటిగా ఉంది. పార్టీ తప్పు చేస్తుంటే లోపల కూర్చుని గొణగకూడదు, బయటికి రావాలి. చీలినవాళ్లు విగ్గుల్లో కలిసిన నలభై ఒకటో పేజీయే నిజం. తిరిగి ఇంటికి పోయారన్న అరవై ఏడో పేజీ పిరికివాళ్ల కోసం రాసింది. ఆ మాట అంటూ ఆవిడ నావైపు చూడలేదు. గోడమీద ఒక ఫొటోలో తన పక్కన నిలబడ్డ మనిషివైపు చూశారు. ఆయన ఆవిడ తమ్ముడు పాపారావు, టోరీల నాయకుడు. అక్కాతమ్ముళ్లకు నాలుగు నెలలుగా మాటల్లేవు.

ఎప్పుడో నూట డెబ్బై ఏళ్ల కిందటి లండన్ గోధుమల కోసం తోడబుట్టినవాళ్లు మాట్లాడుకోకపోవడమా అని నవ్వబోయాను. మా ఊళ్లో పొద్దున ఒక కండువా, సాయంత్రం ఇంకో కండువా కప్పుకునే నాయకుల కోసం అన్నదమ్ములు గోడలు కట్టుకున్నారు. ఆ సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

మూడో రోజు: తన్లిన్

బాగో నది మీద వంతెన దాటితే తన్లిన్. బస్సులో నా పక్కన ఒక బౌద్ధ సన్యాసి కూర్చున్నాడు. ఆడవాళ్లు సన్యాసి పక్కన కూర్చోకూడదని నాకు తెలియదు. బస్సులో సగం మంది లేచి నాకు సీటు చూపించారు. మర్యాద అనుకుని అందరికీ దణ్ణాలు పెట్టి, వద్దులే అని అక్కడే కూర్చున్నాను. సన్యాసే చివరికి లేచి నిలబడ్డాడు. సత్యవతి కిటికీలోంచి నది చూస్తూ, నాకూ ఆమెకూ పరిచయం లేనట్టు కూర్చుంది.

పాపారావుగారు నూనె శుద్ధి కర్మాగారంలో పనిచేసి మానేశారు. పొట్టిగా, మెత్తగా మాట్లాడే మనిషి. వీధి తలుపు ఒకసారి వేసి, వేశానా లేదా అని మళ్లీ వెళ్లి చూసి వచ్చారు. ఇంట్లో కుర్చీలన్నీ గోడకు ఆనించి ఉన్నాయి.

"ఉన్నదాన్ని ఉంచుకోవాల సయామ. అదీ టోరీ అంటే. మీరే రాసినారు" అన్నారు. నిజమే, కన్సర్వేటివ్ అనే మాటకు అర్థం చెబుతూ అలాంటిదేదో రాశాను. "ఆ చీలిపోయినోళ్లు తిరిగి ఒచ్చినారు. రాక ఏటి సేత్తారు? బయట ఎండ ఎక్కువ."

లిబరళ్లు ఐర్లండు విషయంలో చీలిన కథ, యుద్ధం నాడు ఇద్దరు నాయకుల మధ్య ఆ పార్టీ రెండైన కథ, లేబర్ నుంచి విడిపోయి కొత్త పార్టీ పెట్టినవాళ్లు చివరికి లిబరళ్లలోనే కలిసిపోయిన కథ, అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. ప్రతి చీలిక చివరా ఆయన ఒకే మాట అన్నారు. "ఎవుడు బాగుపడ్డాడు?"

నేను కూడా ముప్పై ఏళ్లు అవే చీలికలు చెప్పాను. ఎవుడు బాగుపడ్డాడు అని నన్ను ఏ విద్యార్థీ అడగలేదు. అడిగితే సిలబస్‌లో లేదని చెప్పేదాన్ని.

సత్యవతి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. పాపారావుగారు జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టారు. చిమిండైంగ్‌లో అమ్మవారి గుడి పక్క మేడమీది హాలు తాళంచెవి. క్లాసు నడిచేది అక్కడే.

"పేజీల గొడవ కాదు సయామ" అన్నారు, గొంతు ఇంకా తగ్గించి. "నా మనవడికి ఇరవై నిండినాయి. కుర్రోళ్ల పేర్లు రాసుకుని సైన్యంలోకి తీసుకెల్లే కాలం ఇది. సాయంత్రం అయ్యేసరికి ఆ మేడమీద కుర్రోళ్లంతా ఒక్కచోట చేరి పార్టీ, చీలిక, ప్రభుత్వం పడిపోయింది అని అరుత్తంటే వీదిలోకి వినపడతాది. నాకు బయమేసింది. తాళం ఎట్టేసినాను. బయమేసిందని నరసమ్మప్పకి సెప్పలేకపోయినాను. అరవై ఏడో పేజీ అని సెప్పినాను."

"ఆవిడకు తెలియదా?"

"తెలుసు. ఆవిడా నలబై ఒకటో పేజీ అనే అంటాది."

తీర్పు చెప్పడానికి వచ్చాను. చెప్పాల్సిన తీర్పుకూ నా పుస్తకానికీ సంబంధమే లేదు. ఒక్క ఉపన్యాసానికి హాలు తెరవమని మాత్రం అడిగాను. దూరం నుంచి వచ్చిన టీచరు అడిగితే కాదనడం ఆయనకు చేతకాలేదు. తాళంచెవి తిరిగి జేబులో వేసుకుని, "పగలు అయితే పరవాలేదు. గట్టిగా వొద్దు" అన్నారు.

నాలుగో రోజు: గుడి పక్క మేడ

ఆదివారం పొద్దున పది గంటలకు పాపారావుగారు వచ్చి తాళం తీశారు. పదకొండు మంది వచ్చారు. లండన్ సభలో ఎదురెదురు బెంచీల మధ్య రెండు కత్తుల దూరం ఉంటుందని నా గైడులో ఉంది. ఇక్కడ కత్తులు లేవు గనక రెండు చీపుళ్లు పెట్టి కొలిచి బెంచీలు వేశారట. ఒకవైపు నరసమ్మగారు, ఆవిడ విగ్గులు. ఇంకోవైపు పాపారావుగారు, ఆయన టోరీలు. చీపుళ్లు తీసెయ్యడం ఎవరికీ తోచలేదు. నేను నడవాలంటే వాటిని దాటుకుని నడవాలి.

గైడు చేతికిచ్చారు. నలభై ఒకటో పేజీ చూశాను, అరవై ఏడో పేజీ చూశాను. రెండూ నా రాతే. అచ్చుతప్పు అని ప్రెస్సువాడి మీదికి నెట్టేద్దామని ఒక్క క్షణం అనిపించింది. ప్రెస్సు మూతపడి చాలా కాలమైంది, అడ్డం చెప్పేవాళ్లు లేరు. కానీ పదకొండు మంది నా పుస్తకం ఒళ్లో పెట్టుకుని, వేలు అక్షరం కింద పెట్టుకుని నావైపు చూస్తున్నారు.

"రెండు అధ్యాయాలూ రెండు వేరే పుస్తకాల్లోంచి ఎత్తి రాశాను. ఒకదానితో ఒకటి సరిచూసుకోలేదు. పెద్ద నాయకులు చాలామంది లిబరళ్లలో కలిశారు. వెనక బెంచీలవాళ్లు కొందరు మెల్లగా టోరీల దగ్గరికే పోయారు. అప్పట్లో ఆ సంగతి నాకు తెలియదు. తెలుసుకోనూ లేదు. తప్పు నాదే" అన్నాను.

హాలంతా నిశ్శబ్దమవుతుందనుకున్నాను. ఎవరో గొంతు సవరించుకున్నారు, అంతే.

"మాకు తెలుసు సయామ" అంది సత్యవతి. "నాను ఫోన్లో సూసి నిరుడే సెప్పినాను. పరిశీలనా లోపం అని."

"నిరుడే తెలిస్తే నన్నెందుకు పిలిచావు?"

"మీరొస్తే తాతయ్య తాళం తీస్తాడని."

నా ఉపన్యాసం అక్కడితో అయిపోయింది. నేనింకేం చెబుతానా అని చూసేవాళ్లు కూడా లేరు. నరసమ్మగారు లేచి, ఇంత దూరం నుంచి తెచ్చిన టీచరు కూడా సగం సగం తీర్పే ఇచ్చిందని అన్నారు. సగం తీర్పు అంటే మా వైపే అని టోరీల బెంచీ నుంచి ఒకావిడ అంది. పార్టీ, చీలిక, ప్రభుత్వం అన్న మాటలు గట్టిగానే ఎగిరాయి. నాలుగు నెలల ఆకలి కదా.

అప్పుడు మెట్లమీద చెప్పుల చప్పుడైంది. వార్డు ఆఫీసు మనిషి ఒకాయన, చేతిలో నోటుబుక్కు, గుమ్మంలో నిలబడ్డాడు. బర్మా భాషలో ఏదో అడిగాడు. అందులో పార్టీ అన్న మాట ఒక్కటే నాకు అర్థమైంది.

మా కాలేజీకి తనిఖీ బృందాలు చాలాసార్లు వచ్చాయి. వాళ్ల నోటుబుక్కులు చూసి ఎవరూ ఇలా చప్పున పుస్తకాలు మూసెయ్యలేదు. నరసమ్మగారి అంత గొంతూ లోపలే ఉండిపోయింది. ఏ పార్టీ మీటింగు, ఎవరు పెద్ద అని ఆయన అడిగాడని తర్వాత చెప్పారు.

పాపారావుగారు లేచారు. లేచేటప్పుడు బెంచీ పట్టుకున్నారు. చీపుళ్లు దాటి గుమ్మం దాకా వెళ్లారు. చేతులు రెండూ ముందు కట్టుకుని, మెత్తగా, ఆగి ఆగి మాట్లాడారు. సత్యవతి నా చెవిలో తెలుగు చేసింది.

"ఇంగ్లీషోళ్ల పార్టీలంట. అందులో ఒకటి సచ్చిపోయి చాలా ఏళ్లయిందంట. ముసలోళ్లు సదువుకునే తెలుగు క్లాసంట. క్లాసు తాతయ్యదేనంట, తాళంచెవి తాతయ్య దగ్గరే ఉంటాదంట." అక్కడ ఆగి, తెలుగు చెయ్యడం మానేసి, "పేరు రాయిస్తన్నాడు" అంది.

ఆయన పేరు, ఇంటి నంబరు, తన్లిన్ చిరునామా చెబుతుంటే వార్డు మనిషి నోటుబుక్కులో రాసుకున్నాడు. నా పాస్‌పోర్టు చూశాడు. గైడు తిరగేసి, తెల్ల విగ్గులు పెట్టుకున్న మొహాల బొమ్మల దగ్గర ఆగాడు. వీళ్లలో మంచివాళ్లెవరని అడిగాడట. ఒకేసారి రెండు బెంచీల నుంచీ రెండు జవాబులు వచ్చాయి. ఆయనకు నవ్వొచ్చినట్టుంది, ఆపుకున్నాడు. మెల్లగా మాట్లాడుకోండి, కుర్రవాళ్లను ఎక్కువమందిని చేర్చకండి అని చెప్పి దిగిపోయాడు.

పాపారావుగారు తన బెంచీ దాకా రాలేకపోయారు. దగ్గరగా ఉన్న విగ్గుల బెంచీ మీదే కూలబడ్డారు.  జేబులో తాళంచెవి ఉందో లేదో తడిమి చూసుకున్నారు.

నరసమ్మగారు ఫ్లాస్కు తీసి టీ పోశారు. కప్పు ఆయన చేతిలో పెట్టి, ఆ చేతిని వదలకుండా పట్టుకున్నారు.

"పేరెందుకు రాయించినావురా?" అన్నారు. నాలుగు నెలల తర్వాత ఆవిడ తమ్ముడితో అన్న మొదటి మాట అది.

"ఎవుడిదో ఒకడిది రాయాల గదప్పా."

"నాది రాయించలేకపోయినావా?"

"నీ పేరు సెప్తే క్లాసు నీదైపోదూ!" అన్నారాయన. ఆ మాటకు ఎదుటి బెంచీలో ఒకరు ఫక్కుమని నవ్వి, వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

టీ తాగాక షరతులు కుదిరాయి. క్లాసు ఆదివారం పగలే. కుర్రవాళ్లు ఇళ్లలో చదువుకోవాలి, ముసలివాళ్లు ఇక్కడ చదివి వెళ్లి వాళ్లకు చెప్పాలి. తాళంచెవి ఒక వారం చిమిండైంగ్‌లో, ఒక వారం తన్లిన్‌లో. పాపారావుగారి భయం పోలేదు, నరసమ్మగారి కోపమూ పూర్తిగా పోలేదు. ఇద్దరూ అది దాచుకోలేదు.

తర్వాత అరవై ఏడో పేజీ తీశారు. అందరూ గొంతు తగ్గించి, దాదాపు ఊపిరితోనే చదవడం మొదలుపెట్టారు. ఆ తర్వాత వాదన కూడా అలాగే సాగింది. పదకొండు మంది ఒకరి మీదికి ఒకరు వంగి, మెడ నరాలు పొంగేలా, చప్పుడు లేకుండా పోట్లాడుకుంటున్నారు. లండన్ సభలో ఒకరి మాట ఒకరికి వినపడనంత గోల చేస్తారని ఏళ్ల తరబడి పాఠం చెప్పాను. ఇక్కడ ఒక్కొక్క మాటకూ అందరూ చెవులు రిక్కించారు.

పాపారావుగారు మాట్లాడతానని చెయ్యి ఎత్తారు. ఎవరి వంతు ఎప్పుడో చెప్పే నరసమ్మగారు చూశారు. చూడనట్టు ఇంకో ఇద్దరిని మాట్లాడనిచ్చారు. ఆయన ఎత్తిన చెయ్యి దించలేదు, నొప్పి పుట్టినట్టుంది, రెండో చేత్తో మోచేయి పట్టుకున్నారు.

అప్పుడావిడ ఆయన వైపు తిరిగి, "సరే, సెప్పు" అన్నారు.